భుజానికా? బల్లకా?

తేలికైన ల్యాప్‌టాప్ కొనాలా, దిట్టమైన పెద్దది కొనాలా? కౌన్సెలింగ్ ముగిసి కాలేజీలు తెరిచే రోజుల్లో ఇంటింటా నడిచే పంచాయితీ ఇది. చాలామంది దీన్ని షాపులో తేల్చుకుంటారు. నిజానికి ఇంట్లోనే తేల్చుకుని గడప దాటాలి.

మోసుకెళ్లే కంప్యూటర్ల కథ వెతుక్కుంటూ పోతే తగిలేది రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి ఒకటి. తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో ఒక ఇంగ్లిషు పిల్లవాడు తిరుగాడుతూ ఉండేవాడు. పేరు ఆడమ్. రమణుల జీవితం గురించి, బోధల గురించి ఇంగ్లిషులో పుస్తకాలు రాసిన ఆర్థర్ ఆస్‌బర్న్ కొడుకు. మన రచయిత చలం అరుణాచలం చేరింది 1950లో. అంతకు చాలా ఏళ్ల ముందే ఈ కుటుంబం అక్కడ కాపురముంది. ఆ పిల్లవాడే పెద్దవాడై, అమెరికా చేరి, 1981లో ‘ఆస్‌బర్న్ 1’ను అమ్మకానికి పెట్టాడు. చేత్తో పట్టుకుపోగల కంప్యూటర్లలో జనం ఎగబడి కొన్నది మొదట దాన్నే. మూత బిగిస్తే కుట్టుమిషను పెట్టెలా ఉండేది. బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, బ్యాటరీ లేదు, ధర 1,795 డాలర్లు. విమానంలో సీటు కింద పడుతుందన్నదే దాని గొప్ప. రెండేళ్లకే కంపెనీ దివాలా తీసింది. ఆడమ్ చివరి రోజులకు మళ్లీ తమిళనాడే వచ్చేసి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఆస్‌బర్న్ వచ్చిన 27 ఏళ్లకు, 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితం కవరు విప్పి అందులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశాడు. బరువు 1.36 కిలోలు. ధర 1,799 డాలర్లు. ఆస్‌బర్న్ కన్నా నాలుగు డాలర్లు ఎక్కువ, దాదాపు పది కిలోలు తక్కువ. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు కానీ కొన్నవాళ్లు ఇబ్బందే పడ్డారు. యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. హార్డ్ డిస్కుది నత్తనడక. కాసేపు వీడియో చూస్తే సెగ. దానికి కాస్త ముందు, 2007లో, తైవాన్ కంపెనీ ఆసుస్ ‘ఈ పీసీ’ పేరుతో 7 అంగుళాల బుల్లి యంత్రాన్ని తెచ్చింది. కిలో కూడా లేదు. నెట్‌బుక్‌లన్న ఆ జాతి రెండు మూడేళ్లు తెగ అమ్ముడైంది. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే గుడ్లు తేలేస్తుందని అందరికీ తెలిశాక కనుమరుగైంది. తేలికది అంటే చేతకానిది అన్న పేరు ఆ రోజుల్లో పడిందే.

ఆ పేరు ఇంకా పోలేదు. పోవాల్సిన కాలం మాత్రం ఎప్పుడో దాటిపోయింది. 2020 నవంబరులో యాపిల్ ఎం1 చిప్‌తో అసలు ఫ్యానే లేని ఎయిర్‌ను తెచ్చినప్పుడు, అంతకు ముందు ఏడాది బోలెడు డబ్బు పోసి కొన్న లావుపాటి యంత్రాలు కొన్ని దాని ముందు తెల్లబోయాయి. తర్వాత ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ కూడా ఆ దారే పట్టాయి. ఇవాళ కిలోంపావు బరువున్న యంత్రం ఆఫీసు పని, కోడింగ్, ఫొటోలు దిద్దడం, ఆన్‌లైన్ క్లాసు, పాతిక ట్యాబ్‌ల బ్రౌజరు అన్నీ అవలీలగా లాగేస్తుంది. మన ఇళ్లలో సలహా మాత్రం నెట్‌బుక్ కాలానిదే: ‘పెద్దది తీసుకో, గట్టిగా ఉంటుంది.’

‘అలవాటైతది బిడ్డా’

ఎప్‌సెట్ సీట్లు వచ్చిన వారంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి చూడండి. అందరూ సీటీసీ అనేది దాన్నే. ఏ షాపు ముందు నిలబడినా వినిపించే మాటలు ఇవే.

‘‘అన్నా, మా పిల్లకు సీఎస్ఈ వచ్చింది. మంచిది సూపియ్యి. నాలుగేండ్లు రావాలె.’’

‘‘గేమింగ్ సిరీస్ తీస్కోండ్రి సార్. గ్రాఫిక్ కార్డుంటది, మళ్ల మార్చే పనుండదు.’’

‘‘నాన్నా, ఇది మస్తు బరువున్నది.’’

‘‘నాలుగు దినాలైతె అలవాటైతది బిడ్డా.’’

అలవాటు కాదు. ఆ మాటను అంత తేలిగ్గా వదిలేయలేం, లెక్క వేద్దాం. మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్ 2.2 నుంచి 2.5 కిలోలు. దాని చార్జరు చూశారా? 200 వాట్లు దాటిన నల్లటి ఇటుక, తీగతో కలిపి అరకిలో పైనే, కొన్నిటికి ముప్పావు కిలో దాకా ఉంటుంది. షాపువాడు పెట్టె మీది అంకె చెబుతాడు. ఆ అంకెలో ఇటుక ఉండదు. రెండూ కలిస్తే మూడు కిలోలు. లీటరు నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, ఒక ల్యాబ్ రికార్డు వేయండి. అయిదు దాటింది. బడిపిల్లల సంచి వాళ్ల ఒంటి బరువులో పదో వంతుకు మించకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. 48 కిలోల అమ్మాయి ఇంటర్ దాటి ఇంజినీరింగ్‌లో చేరగానే ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. ఆమె అయిదు కిలోల సంచితో ఆర్టీసీ బస్సులో ఒంటికాలి మీద వేలాడాలి, మెట్రోలో నిలబడాలి, మూడో అంతస్తు క్లాసుకు మెట్లెక్కాలి.

రెండు నెలలు మోస్తారు. మూడో నెల నుంచి ల్యాప్‌టాప్ హాస్టల్ గదిలో ఉండిపోతుంది. క్లాసులో ఫోను మీద నోట్సు, లైబ్రరీలో స్నేహితురాలి యంత్రం. వెంట తీసుకెళ్లడానికని కొన్నది మంచం మీదనే ఉంటే, ఎక్కువ డబ్బు పోసి తక్కువ సత్తా ఉన్న డెస్క్‌టాప్ కొన్నట్టు. తేలికదాని చార్జరు 65 వాట్లది, అరచేతిలో పడుతుంది, టైప్-సి కాబట్టి ఫోనుకూ పనికొస్తుంది. అంతా కలిపి కిలోన్నర. తేడా కిలోన్నరే కదా అనిపిస్తుంది. ధర ఒకసారి కట్టేస్తే అయిపోతుంది, ఆ కిలోన్నర నాలుగేళ్లూ రోజూ మోయాలి.

వాట్ల కథ

అయితే ఆ పెద్ద యంత్రం అంత బరువు ఎందుకుంటుంది? కంపెనీవాళ్లకు సన్నగా చేయడం చేతకాక కాదు. చిప్ తాగే కరెంటంతా చివరికి వేడే. ఆ వేడిని బయటికి తోలాలంటే రాగి గొట్టాలు, రేకులు, రెండు ఫ్యాన్లు, గాలి ఆడే జాగా కావాలి. బరువంతా అక్కడుంది. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ఉండే అక్షరం చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. మొన్నమొన్నటి తరాల్లో ‘యు’ అని ఉంటే సుమారు 15 వాట్ల మీద నడిచేది. తేలిక యంత్రాల్లో వేస్తారు. ‘హెచ్’ అంటే 45. ‘హెచ్ఎక్స్’ అంటే 55. ఇవి కనీసపు లెక్కలు. ఒత్తిడి పడితే దీనికి రెండింతలు, మూడింతలు గుంజుతాయి. అందుకే ‘ఐ7 ఉందా’ అని అడిగితే అడిగినట్టు కాదు. ‘యు’ ఐ7 కన్నా ‘హెచ్’ ఐ5 బరువు పనుల్లో ముందుండే సందర్భాలు బోలెడు.

గ్రాఫిక్ కార్డు దగ్గర ఈ గారడీ ఇంకా ముదురు. ల్యాప్‌టాప్‌లో వేసే ఆర్‌టీఎక్స్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా కట్టిపెట్టుకోవచ్చని ఎన్విడియా వదిలేసింది. సన్నటి ఒంట్లో 60 వాట్లకు కట్టేసిన కార్డుకూ, లావుపాటి ఒంట్లో పూర్తిగా వదిలిన కార్డుకూ పేరు ఒకటే, స్టిక్కరు ఒకటే. పని ఒకటి కాదు. ఆ వాట్ల అంకె పెట్టె మీద కనిపించదు. కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ వివరాల అడుగున, చిన్నక్షరాల్లో, టీజీపీ అని ఉంటుంది. షాపులో అడిగితే తెల్లమొహం వేస్తారు, ఫోన్లో మీరే వెతుక్కోండి. ఇంకో మెలిక: ల్యాప్‌టాప్ 4070కి ఉన్న సొంత మెమరీ 8 జీబీ, అదే పేరుతో డెస్క్‌టాప్‌లో వచ్చే కార్డుకు 12 జీబీ. పేరు చూసి ధర కట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

తేలిక యంత్రం బలహీనత కూడా ఈ వేడి దగ్గరే బయటపడుతుంది. చిన్న పని ఇస్తే రెండూ సమానంగానే పరిగెత్తుతాయి. గంటసేపు ఎడతెగని పని ఇవ్వండి, 4కె వీడియో ఎగుమతి అనుకోండి, మొదటి కొద్ది నిమిషాలు తేలికది బాగానే ఉరుకుతుంది. లోపల వేడి వంద డిగ్రీల దరికి చేరుతుంది. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ లేనిదైతే ఇంకా తొందరగా. పెద్దది హోరుమని మోగుతూ అదే వేగంతో చివరిదాకా లాగుతుంది.

ఇందులో మన ఎండల పాత్ర ఎవరూ చెప్పరు. ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ తన వివరాల పత్రంలోనే రాస్తుంది. మిగతా చాలా కంపెనీలదీ అదే మాట. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో, స్లాబు కింద గదిలో కూర్చున్నవాడికి ఆ 35 పొద్దున్న తొమ్మిదింటికే దాటిపోతుంది. ఏసీ ఉన్న ల్యాబులో కొలిచిన వేగం ఆ గదిలో దొరకదు. పైగా పరుపు మీద పెట్టి వాడితే అడుగున గాలి పీల్చే సందులు మూసుకుపోతాయి. ఏ ల్యాప్‌టాప్‌నైనా ఒకసారి తిరగేసి చూడండి. అడుగున సన్నని జల్లెడ, నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు. ఆ బొడిపెల ఎత్తు కొన్ని మిల్లీమీటర్లే. యంత్రం ఊపిరంతా ఆ సందులోంచే. దుప్పటి అక్కడే అడ్డం పడుతుంది. రెండు వేసవులు గడిచాక మూత విప్పితే ఫ్యాను చుట్టూ బూజులా దుమ్ము పేరుకుని ఉంటుంది. విప్పించి, దులిపించి, చిప్ మీది పేస్టు మార్పిస్తే సగం జబ్బులు పోతాయి. పెద్ద యంత్రం కొన్నవాళ్లు ఏడాదికోసారి ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

కరెంటు పోతే? ఇది విచిత్రం. పెద్ద యంత్రం బలమంతా ప్లగ్గు గోడకు ఉన్నంతసేపే. బ్యాటరీ మీదికి రాగానే గ్రాఫిక్ కార్డు సగం బలానికి పడిపోతుంది, కొద్ది గంటల్లో ‘చార్జర్ పెట్టు’ అంటుంది. మరింత పెద్ద బ్యాటరీ పెట్టొచ్చుగా అంటే, విమానాల్లో ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకునేది 100 వాట్-అవర్ల వరకే. అందుకే ఎంత ఖరీదైన యంత్రంలోనైనా బ్యాటరీ 99 దగ్గర ఆగిపోతుంది.

ఎవరి పని ఏమిటి

సీఎస్ఈ అంటే గ్రాఫిక్ కార్డు ఉండాలన్న మాట ఎక్కడ పుట్టిందో గాని ఊరంతా పాకింది. కోడ్ రాయడానికి కావాల్సింది ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన ఎమ్యులేటర్ నడుపుతూ, క్రోమ్‌లో యూట్యూబ్ పాఠం పెట్టుకుంటే 8 జీబీ ఊపిరాడక కొట్టుకుంటుంది. 16 ఉంటే ఏ చింతా లేదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకు ఎన్విడియా కార్డుతో ఉపయోగం ఉన్నమాట నిజం, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ‘కుడా’ (CUDA) మీదనే సగం ప్రపంచం నడుస్తోంది కాబట్టి. కానీ నేర్చుకునే దశలో గూగుల్ కొలాబ్ ఉచితంగానే కార్డు అరువిస్తుంది. పెద్ద మోడళ్లు నడిపే దశకు వస్తే ల్యాప్‌టాప్‌లోని 6, 8 జీబీల కార్డు ఎలాగూ చాలదు.

ఇంట్లో ‘ఏఐ నేర్చుకోవాలి నాన్నా, కార్డు లేకపోతే కష్టం’ అంటున్న అబ్బాయి రాత్రి పదకొండింటికి ఏం తెరుస్తున్నాడో ఒకసారి చూడండి. వాలరెంట్ అయితే దానికి అంత కార్డు అక్కర్లేదు, తేలిక యంత్రమే ఆడిస్తుంది. సైబర్‌పంక్ 2077 లాంటివి ఆడాలంటే మాత్రం కార్డు ఉండాల్సిందే. ఆడుకోవడానికి కొనడం తప్పేం కాదు. ఆట కోసమని ఒప్పుకుని కొంటే, తెర 144 హెర్ట్జా కాదా, ఫ్యాన్ చప్పుడెంత అని సరైన ప్రశ్నలు అడుగుతారు. చదువు పేరు పెట్టి కొంటే ఆటకూ చదువుకూ చెందనిది వస్తుంది.

మెకానికల్ వాళ్ల సంగతి వేరు. సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తుంది, మ్యాక్ వైపు చూడకండి. భాగాలు పెరిగేకొద్దీ కార్డు ఉన్న యంత్రం తేడా తెలుస్తుంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులది అన్నింటికన్నా ఇరకాటం. మాసబ్‌ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూ పిల్లలనడగండి, విజయవాడ ఎస్పీఏ పిల్లలనడగండి. రెవిట్‌లో గీసింది లూమియన్‌లో రెండర్ చేయాలంటే కండ కావాలి, లూమియన్ బతుకే గ్రాఫిక్ కార్డు మీద. మళ్లీ దాన్నే స్టూడియోకు, జ్యూరీకి మోసుకెళ్లాలి. నిజంగా పెద్దది కావాల్సింది, నిజంగా మోయాల్సింది వీళ్లే. వీళ్లకు నా మాట ఒకటే: లావుపాటిది కొనండి, కానీ టైప్-సి నుంచి కూడా చార్జ్ అయ్యేది చూసి కొనండి. స్టూడియోలో మామూలు గీతల పనికి 100 వాట్ల చిన్న చార్జరు చాలు, ఇటుకను గదిలోనే వదిలేయొచ్చు.

పద్దులు రాసేవాళ్ల అవసరం ఎవరికీ పట్టదు. టాలీకి యంత్రబలం ఏమీ అక్కర్లేదు, పదేళ్ల నాటి దాని మీద కూడా పరిగెత్తుతుంది. కానీ వోచర్లు కొట్టే చేతికి కుడి పక్కన అంకెల మీటలు ఉండాలి. 13, 14 అంగుళాల తేలిక యంత్రాల్లో ఆ మీటలు ఉండవు. ఆ వరస కావాలంటే 15.6, 16 అంగుళాలకు పోవాలి. బేగంబజార్‌లో గుమస్తాకి ఐ9 ఇచ్చి అంకెల మీటలు లేకుండా చేస్తే మధ్యాహ్నానికి మీ మొహాన కొడతాడు. సన్నదే నచ్చితే విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ దొరుకుతుంది, వందల్లోనే. డిజిటల్ సంతకాల డాంగిల్ వాడే ఆడిటర్లకు ఇంకో జాగ్రత్త. 2024 నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ చిప్ విండోస్ యంత్రాలు చల్లగా, తేలికగా, బ్యాటరీ దండిగా ఉంటాయి గాని, పాత ప్రింటర్ల డ్రైవర్లు, కొన్ని డాంగిళ్లు వాటిలో మొరాయించొచ్చు. మీ డాంగిల్ తీసుకెళ్లి షాపులోనే గుచ్చి చూడండి.

పెళ్లి వీడియోలు చేసేవాళ్ల దగ్గర ఒక తమాషా ఉంది. ఇప్పుడు ప్రీ-వెడ్డింగ్ షూట్లకు వాడే సోనీ కెమెరాలు చాలావరకు 10-బిట్ 4:2:2 రకం హెచ్.265 వీడియో తీస్తాయి. ఆ రకాన్ని ఇట్టే విప్పి చూపించే సర్క్యూటు ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉంది, యాపిల్ ఎం1 నుంచి ఉంది. ఎన్విడియాలో 50 సిరీస్ వచ్చేదాకా లేదు. అందుకని ఏఎండీ ప్రాసెసర్‌కు ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు జోడించిన లక్షన్నర యంత్రంలో తాళి కట్టే దృశ్యం ముక్కలు ముక్కలుగా ఆడుతుంటే, పక్కన ఇంటెల్ సన్న ల్యాప్‌టాప్‌లో అదే క్లిప్ ప్రీమియర్ ప్రోలో నీళ్లలా సాగిపోతుంది. అదే సన్నదానికి చివర్న రెండు గంటల సినిమా ఎగుమతి చేయమని చెప్పండి, అప్పుడు దాని పని తెలుస్తుంది. రోజూ ఎడిటింగే తిండి పెట్టే వృత్తి అయితే ఇంటెల్ ‘హెచ్’ ప్రాసెసర్, పూర్తి వాట్ల కార్డు ఉన్న బరువు యంత్రమే న్యాయం. స్టూడియోలోనే ఉంటుంది కాబట్టి బరువు ఊసే లేదు.

ఆ మాటకొస్తే, గది దాటనిదానికి ల్యాప్‌టాప్ ఎందుకు? అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, చల్లగా ఉంటుంది, చెడితే ముక్క మార్చుకోవచ్చు. కరెంటుకు చిన్న యూపీఎస్ చాలు.

తేలికదాని చాటు ఖర్చులు

తేలికదాన్ని ఇంతగా పొగిడాక దాని లొసుగులూ చెప్పాలి. సన్నగా చేయడానికి ర్యామ్‌ను బోర్డు మీదే అతికేస్తారు. ఎల్‌పీడీడీఆర్5 అని కనిపిస్తే దాదాపు అన్నిటా అర్థం అదే, జన్మకు మారదు. ‘ఇప్పుడు 8 తీసుకుని తర్వాత పెంచుకుందాం’ అన్న ఎత్తుగడ ఇక్కడ చెల్లదు. లావుపాటి యంత్రాల్లో చాలావాటికి ర్యామ్ స్లాట్లు రెండుంటాయి. అయితే 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు ర్యామ్‌ను ఎగరేసుకుపోవడంతో ధరలు భగ్గుమన్నాయి కాబట్టి, తర్వాత కొనుక్కోవడమూ చవక బేరం కాదు. ఏది కొన్నా మొదటి రోజే 16 జీబీ ఉండాలి. సన్నవాటిలో లాన్ కేబుల్ పోర్టు ఉండదు, కొన్నిటిలో హెచ్‌డీఎంఐ కూడా ఉండదు. డాంగిల్ అని ఒక తోక వెంట తిప్పుకోవాలి. అదే ధరలో పెద్దదాని మీద కాగితంపై అంకెలు ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తాయి. తేలికతనానికి విడిగా డబ్బు కడుతున్నామని ముందే తెలిసి ఉంటే తర్వాత కడుపు మండదు.

తెర పెద్దదైతే బరువు తప్పదన్నది కూడా ఇప్పుడు పూర్తి నిజం కాదు. ఎల్‌జీ గ్రామ్ 17 అంగుళాలది 1.35 కిలోలే. 2023లో వచ్చిన 15 అంగుళాల ఎయిర్ కిలోన్నర. చత్వారం వచ్చిన నాన్నలకు, రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని ప్రూఫులు దిద్దుకునేవాళ్లకు ఈ రకం వరం. ధర మాత్రం వరంలా ఉండదు.

తెర కొనేటప్పుడు అంగుళాలు ఒక్కటే చూసి వచ్చేస్తారు. చవక గేమింగ్ యంత్రాల్లో కార్డు మీద డబ్బు పోసి తెర దగ్గర పీనాసితనం చేస్తారు. వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే వెలిసిపోయిన రంగులని అర్థం. పసుపు చీర గోధుమరంగులో కనిపిస్తుంది. ఫొటోలతో పనున్నవాళ్లు ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉంటేనే ముట్టుకోవాలి.

రోజూ రాయదుర్గం వరకు మెట్రోలో వెళ్లొచ్చే ఐటీ ఉద్యోగికి, నా లెక్కలో, ఈ తగవు ఎప్పుడో తీరిపోయింది. 14 అంగుళాల తేలికది సంచిలో. ఇంట్లో బల్ల మీద 24 అంగుళాల మానిటరు, ఒక కీబోర్డు. ఒకే టైప్-సి తీగ గుచ్చితే బొమ్మా వెళ్తుంది, చార్జింగూ వస్తుంది (మానిటరు ఆ రకానిదైతేనే, చవకవి హెచ్‌డీఎంఐతో సరిపెట్టుకోవాలి). మెడకూ మేలు. ల్యాప్‌టాప్ తెర ఎంత పెద్దదైనా కంటికి కిందనే ఉంటుంది, రోజంతా తల వంచుకునే చూడాలి. పెద్ద యంత్రానికి అదనంగా పోసే డబ్బుతో మానిటరు, కీబోర్డు వచ్చి ఇంకా మిగులుతుంది.

డబ్బు ఇబ్బందైతే ఇంకో దారి. హైదరాబాద్ ఐటీ కంపెనీలు లీజు తీరాక వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు, ఎలీట్‌బుక్‌లు సీటీసీలోనే రీఫర్బిష్డ్ పేరుతో దొరుకుతాయి. ఎక్కువగా 14 అంగుళాలవి, కిలోన్నర లోపు, గట్టి కీబోర్డులు. కొత్తదానిలో సగం కన్నా తక్కువకే వస్తాయి. ఇంటెల్ 8వ తరం కన్నా పాతది మాత్రం వద్దు, విండోస్ 11 దానికి అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. బ్యాటరీ మాత్రం మార్పించి ఇమ్మని గట్టిగా అడగండి.

అమెరికా నుంచి బావ తెస్తానన్నాడా? 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చార్జరు మన కరెంటుకూ సరిపోతుంది, పిన్ను మారుతుందంతే. చూసుకోవాల్సింది వారంటీ ఇండియాలో చెల్లుతుందా అన్నది. ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లలకూ ఇదే సూత్రం తిరగేసి: ఎక్కడ వాడతారో అక్కడ వారంటీ ఉన్నది కొనండి. చాలా విమాన సంస్థలు చేతిసంచికి 7 కిలోలే ఒప్పుకుంటాయి. అందులో మూడు కిలోలు ల్యాప్‌టాప్‌కు ఇచ్చేస్తే ఆవకాయకు ఎలాగూ అందులో చోటు లేదు, సర్టిఫికెట్ల ఫైలుకు కూడా ఇరుకే.

నా తీర్పు అడిగితే: రోజూ సంచిలో వేసుకుని ఇల్లు దాటేవాళ్లు తేలికది కొనండి, 16 జీబీతో. రోజూ పని మధ్యలో యంత్రం కోసం పావుగంటలు కూర్చుని ఎదురు చూస్తున్నవాళ్లు పెద్దది కొనండి. రెండూ మీరేనంటే 14 అంగుళాల్లో కార్డు ఉన్న కిలోన్నర యంత్రాలున్నాయి, ఆసుస్ జెఫైరస్ జీ14 తరహావి. కానీ ధర ఎక్కువ, వేడీ ఎక్కువే. వారానికోసారి వచ్చే బరువు పని కోసం ఏడు రోజులూ బరువు మోయొద్దు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. సీలు తీసిన ల్యాప్‌టాప్‌ను, లోపం ఉంటే తప్ప, మన దగ్గర చాలా షాపులు వెనక్కి తీసుకోవు. ఆన్‌లైన్‌లోనూ ఎక్కువగా మార్చి ఇవ్వడమే, డబ్బు వాపసు ఉండదు. కాబట్టి మీ కాలేజీ సంచి వెంట తీసుకెళ్లండి. షోరూములో ఉన్న డెమో యంత్రాన్ని, దాని చార్జరుతో సహా, అందులో పెట్టించి భుజానికి తగిలించుకుని పది నిమిషాలు ఆ షాపులోనే తిరగండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, బిల్లు ఆ తర్వాతే రాయించండి.